పప్పు ఉడకని నీళ్లు: విద్యార్థులకు నిజమైన ప్రాజెక్టును రూపొందించడం ఎలా?

నిర్మాణాత్మక మూల్యాంకనం దగ్గర పడే వారంలో జిరాక్సు దుకాణాల ముందు పిల్లలు బారులు తీరడం ఉపాధ్యాయులందరూ చూస్తున్నదే. 'నీటి కాలుష్యం', 'మొక్కల ఉపయోగాలు', 'సౌర కుటుంబం' అన్న శీర్షికలతో నాలుగేసి పేజీలు అచ్చు వేయించుకుని, అట్ట మీద పేరు రాసి, ప్రాజెక్టు పని పూర్తయిందని తెచ్చి ఇస్తారు. మనం మార్కులు వేసి వాటిని బీరువా మీద పేరుస్తాం. ఆ కాగితాల్లో ఏముందని అడిగితే పిల్లవాడు చెప్పలేడు, ఎందుకంటే వాటిని అతడు రాయలేదు, వాటి కోసం ఎవరూ ఎదురు చూడనూ లేదు. నేను కూడా చాలా ఏళ్లు ఇలాగే మార్కులు వేశాను. ఆ పద్ధతి నుంచి బయటపడటానికి నాకు ఉపయోగపడిన మార్గాన్ని, ఉన్నత పాఠశాలలో పని చేస్తున్న మీకు ఉపయోగపడేలా ఒకే ఒక ఉదాహరణతో, మొదటి అడుగు నుంచి చివరి అడుగు దాకా వివరిస్తాను.

ప్రాజెక్టు ద్వారా బోధించాలన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ 1918లోనే ప్రాజెక్టు పద్ధతి గురించి విపులంగా రాశారు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సదస్సులో గాంధీజీ నయీ తాలీమ్ ఆలోచనను చర్చకు పెట్టి, చేతిపని చుట్టూ చదువు అల్లుకోవాలని కోరారు. బడి బయటి జీవితంతో జ్ఞానాన్ని ముడిపెట్టాలన్న మాటను 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రం తన మార్గదర్శక సూత్రాల్లో మొదట పేర్కొంది. అయినా మన తరగతి గదుల్లో ప్రాజెక్టు చార్టుగా మిగిలిపోవడానికి నాకు కనిపించిన కారణం ఒక్కటే: మనం అంశాన్ని ముందు ఎంచుకుంటున్నాం, దాని ఫలితం అవసరమైన మనిషిని అసలు వెతకడం లేదు. ఈ వరుసను తిరగేయండి. ముందు మనిషి, తరువాత ఆ మనిషి ప్రశ్న, ఆ తరువాతే పాఠం.

మొదటి అడుగు: ఫలితం కోసం ఎదురు చూసే మనిషిని వెతకండి

దీనికి రెండు మధ్యాహ్నాలు కేటాయించండి. బడి ప్రాంగణంతో మొదలుపెట్టి, అంగన్‌వాడీ కేంద్రం, పంచాయతీ కార్యాలయం, పాల కేంద్రం, ఆటోలు ఆగే చోటు, కిరాణా దుకాణం దాకా నడవండి. కనిపించిన వాళ్లను 'మీకు ఏమైనా సమస్యలున్నాయా' అని అడిగితే రోడ్డు, డ్రైనేజీ, పింఛను గురించి చెబుతారు. అవన్నీ నిజమైన సమస్యలే అయినా పదమూడేళ్ల పిల్లలు ఆరు వారాల్లో చేయగలిగింది వాటిలో తక్కువ. దానికి బదులు, 'మీరు రోజూ చేసే పనిలో ఎందుకు ఇలా అవుతోందో అర్థం కానిది ఏదైనా ఉందా' అని అడగండి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు చిన్నవిగా, కొలవగలిగేవిగా ఉంటాయి.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అక్కను ఇలా అడిగినప్పుడు ఆమె వెంటనే, 'సార్, ఈ బోరు నీళ్లలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు, అదే మా ఇంట్లో నల్లా నీళ్లతో తొందరగా మెత్తబడుతుంది' అన్నారు. పప్పు ఆలస్యమైతే గంట కొట్టే సమయానికి భోజనం సిద్ధం కాదు, గ్యాసు ఎక్కువ ఖర్చవుతుంది, తొందరలో దించేస్తే పిల్లల పళ్లాల్లో పలుకు పప్పు పడుతుంది. ఇది ఆమెకు రోజూ ఎదురయ్యే ఇబ్బంది, దీనికి కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసమంతటా ఈ ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుంటాను.

దొరికిన ప్రశ్న పనికి వస్తుందో లేదో తేల్చుకోవడానికి మిమ్మల్ని మీరు మూడు విషయాలు అడిగి చూసుకోండి. ఫలితం చేతికి అందాక ఆ మనిషి తన పనిలో ఏదైనా మార్చుకోగలరా? బడిలో ఉన్న, లేదా కొద్ది డబ్బుతో దొరికే సాధనాలతో పిల్లలు దాన్ని కొలవగలరా? జవాబు ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియకుండా ఉందా? మూడోది చాలామంది వదిలేస్తారు. కఠిన జలంలో, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో, పప్పు ఆలస్యంగా ఉడుకుతుందని సైన్సు ఉపాధ్యాయుడిగా మీకు తెలిసే ఉండవచ్చు, కానీ మీ బోరు నీరు ఎంత కఠినమో, మీ వంటశాలలో ఆలస్యానికి అసలు కారణం నీరో పప్పో మీకూ తెలియదు. ఆ తెలియనితనమే ప్రాజెక్టుకు ప్రాణం. జవాబు ముందే తెలిసిన ప్రాజెక్టులో పిల్లలు కొలవడం మానేసి, ఉపాధ్యాయుడి ముఖంలోకి చూసి అంకెలు రాస్తారు.

రెండో అడుగు: పిల్లల కన్నా ముందు మీరు చేసి చూడండి

ఈ అడుగును దయచేసి దాటవేయకండి. ఒక ఆదివారం మీ ఇంట్లోనే పని మొత్తాన్ని చిన్న స్థాయిలో చేయండి. విషయ జ్ఞానాన్ని కూడా ఇక్కడే సరిచూసుకోవాలి. కందిపప్పు మెత్తబడాలంటే దాని కణాలను అతికించి ఉంచే పెక్టిన్ కరగాలి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లు ఎక్కువగా ఉంటే అవి పెక్టిన్‌తో బంధం ఏర్పరచి దాన్ని గట్టిపరుస్తాయి, అందుకే పప్పు పలుకుగా మిగులుతుంది. వేడిలో, తేమలో చాలాకాలం నిలవ ఉన్న పప్పు మంచి నీటిలో కూడా సులభంగా ఉడకదు. అంటే ఒకే లక్షణానికి రెండు కారణాలు ఉండే అవకాశం ఉంది, ఈ ప్రాజెక్టులో పిల్లల బుర్రకు పదును పెట్టేది సరిగ్గా ఈ చిక్కే.

నేను ముందుగా చేసి చూసినప్పుడు సబ్బు నురగ పరీక్ష విఫలమైంది. అన్ని నీళ్లలోనూ నురగ ఒకేలా వచ్చింది. కారణం, నేను వాడింది బట్టలు ఉతికే డిటర్జెంటు పొడి. డిటర్జెంటు కఠిన జలంలో కూడా నురగ ఇస్తుంది, నీటి తేడా చూపించాలంటే కొవ్వు ఆమ్లాలతో తయారైన అసలు సబ్బు కావాలి. స్నానపు సబ్బు రేపరు మీద టి.ఎఫ్.ఎం. (మొత్తం కొవ్వు పదార్థం) శాతం అచ్చు వేసి ఉంటుంది, 76 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న మొదటి తరగతి సబ్బును తీసుకోండి. ఈ సంగతి నాకు ఆ ఆదివారం తెలియకపోయి ఉంటే, నలభై మంది పిల్లల ముందు రెండు పీరియడ్లు వృథా అయ్యేవి.

మూడో అడుగు: ప్రశ్నను పిల్లలతోనే రాయించండి

మొదటి పీరియడ్‌లో ఉపన్యాసం వద్దు. వంట అక్కను తరగతి గదికి ఆహ్వానించి, ఆమె ఇబ్బందిని ఆమె మాటల్లోనే చెప్పించండి. ఆమె కూర్చోవడానికి కుర్చీ వేయండి, పిల్లల చేత నమస్కారం చెప్పించండి, ఎందుకంటే ఆ రోజు ఆమె ఆ తరగతికి పని అప్పగిస్తున్న మనిషి. ఆమె చెప్పాక పిల్లలు తమకు తోచిన ప్రశ్నలన్నీ నల్లబల్ల మీద రాయాలి. మా తరగతిలో ఇరవైకి పైగా ప్రశ్నలు వచ్చాయి: బోరు లోతుకూ దీనికీ సంబంధం ఉందా, ఉప్పు ముందే వేయడం వల్లనా, గిన్నె అడుగున పట్టిన తెల్లటి పొర వల్లనా, పప్పు పాతదా, మూత పెట్టకపోవడం వల్లనా.

వాటిని మూడు కుప్పలుగా విడదీయించండి: మనం కొలిచి తేల్చగలిగేవి, ఎవరినైనా అడిగితే తెలిసేవి, మన శక్తికి మించినవి. మొదటి కుప్పలోంచి ఒక ప్రధాన ప్రశ్నను వాక్యంగా కూర్చాలి. 'నీటి కాఠిన్యత' అన్నది అంశం, ప్రశ్న కాదు. 'మన ఊరిలో దొరికే నీళ్లలో ఏ నీటితో, ఎంతసేపు నానబెట్టి వండితే మన బడి కందిపప్పు తక్కువ సమయంలో ఉడుకుతుంది' అన్నది ప్రశ్న. ఈ వాక్యం కోసం ఒక పీరియడ్ మొత్తం పట్టినా నష్టం లేదు. దాన్ని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఆరు వారాలూ ఎవరు ఏ పని చేస్తున్నా అది ఆ వాక్యానికి ఎలా ఉపయోగపడుతుందో చెప్పగలగాలి.

నాలుగో అడుగు: పాఠ్యాంశాలను వెనక నుంచి ముందుకు అమర్చండి

చివరి రోజు పిల్లలు వంట అక్క చేతికి ఏమి ఇవ్వాలో ముందు నిర్ణయించుకుని, దానికి ఏ నైపుణ్యాలు కావాలో వెనక్కి లెక్క కట్టండి. ఈ ప్రాజెక్టులో సైన్సు నుంచి తాత్కాలిక (మరిగిస్తే పోయే), శాశ్వత (మరిగించినా పోని) కాఠిన్యత, చరరాశులను అదుపులో ఉంచడం (పరీక్షిస్తున్నది ఒక్కటి తప్ప మిగతావేవీ మారకుండా చూడటం), గణితం నుంచి సగటు, నిష్పత్తి, కమ్మీ రేఖాచిత్రం, తెలుగు నుంచి నివేదిక రాయడం, వినతి పత్రం రాయడం తప్పనిసరిగా అవసరమవుతాయి. వాటిని అవసరం పడిన రోజునే బోధించండి. మూడు కొలతలు మూడు రకాలుగా వచ్చి పిల్లలు తికమక పడుతున్నప్పుడు సగటు గురించి చెబితే, ఆ పాఠం వాళ్లకు పనిముట్టులా అందుతుంది.

అన్ని సబ్జెక్టులనూ ఇందులో ఇరికించాలని మాత్రం ప్రయత్నించకండి. నీటి మీద పద్యాలు సేకరించడం, చిత్రలేఖనంలో బోరు బొమ్మ గీయడం వంటివి చేర్చితే ప్రణాళిక కాగితం మీద నిండుగా కనిపిస్తుంది కానీ పప్పు ఉడకడానికి అవి సాయపడవు.

గణితం ఎంత సహజంగా వస్తుందో చూడండి. మధ్యాహ్న భోజన పథకం నిబంధనల ప్రకారం 6 నుంచి 8 తరగతుల పిల్లవాడికి రోజుకు 30 గ్రాముల పప్పు, 150 గ్రాముల బియ్యం ఇవ్వాలి. 120 మంది భోజనం చేస్తే పప్పు 3 కిలోల 600 గ్రాములు. వంటలో రోజుకు 20 నిమిషాలు ఆదా అయితే, విద్యా హక్కు చట్టం ఆ తరగతులకు నిర్దేశించిన 220 పనిదినాల్లో పప్పు వండిన రోజులను లెక్క తీసి, మొత్తం ఎన్ని గంటలో పిల్లలే చెప్పగలరు. ప్రతిరోజూ వండితే అది 73 గంటలు దాటుతుంది. తాము వేసిన లెక్క ఒక మనిషి శ్రమను కొలుస్తోందని తెలిసినప్పుడు పిల్లలు దాన్ని రెండోసారి సరిచూసుకుంటారు, ఇంటిపనిలో ఇచ్చిన లెక్కను అలా సరిచూడరు.

ఐదో అడుగు: ఆరు వారాల క్యాలెండరు గీయండి

పరీక్షల తేదీలు, పండుగ సెలవులు, నాట్లు లేదా పత్తి ఏరే రోజుల్లో హాజరు తగ్గే వారాలు ముందే గుర్తుపెట్టుకుని, వారానికి మూడు పీరియడ్ల చొప్పున ఆరు వారాలు తీసుకోండి. ప్రశ్న తయారు కావడానికి మొదటి వారం, సబ్బు పరీక్షతో నీటి నమూనాలను పోల్చడానికి రెండో వారం, పప్పు ఉడికించే పరీక్షలకు మూడు, నాలుగు వారాలు, వంటశాలలో పెద్ద గిన్నెతో సరిచూడటానికి ఐదో వారం, అప్పగింతకు ఆరో వారం సరిపోతాయి. నాలుగో వారంలో ఏదో ఒకటి తప్పకుండా పాడవుతుంది, అందుకు రెండు ఖాళీ పీరియడ్లు దాచి ఉంచండి. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతులకు పుస్తకాల సంచి లేని 10 రోజులను సూచించింది. ప్రధానోపాధ్యాయులు సమయం గురించి సందేహిస్తే ఆ విషయం ప్రస్తావించి, ఊరిలో తిరిగి నమూనాలు సేకరించే పనిని ఆ రోజుల్లో ఒకదానికి మార్చుకోవచ్చు.

ఆరో అడుగు: జట్లు, జాగ్రత్తలు

నలుగురేసి పిల్లలతో జట్లు చేయండి. కొలిచేవారు, సమయం చూసేవారు, రాసేవారు, సరిచూసేవారు అని నాలుగు పనులు పెట్టి ప్రతి వారం మార్చండి. ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఆడపిల్లలు పొయ్యి దగ్గరికి, మగపిల్లలు గడియారం దగ్గరికి చేరిపోతారు. బాగా చదివే ఒకరిద్దరే నోటుపుస్తకం పట్టుకుంటారు. పనుల మార్పును మీరే పట్టుబట్టి అమలు చేయాలి.

పొయ్యి వెలిగించడం, వేడి గిన్నె దించడం మీరు గానీ మరో పెద్దవాళ్లు గానీ మాత్రమే చేయాలి. వదులుగా వేలాడే చున్నీలు, పొడవు చేతుల చొక్కాలు పొయ్యి దగ్గర వద్దు. పోలిక కోసం వాడే బ్యాటరీ నీటిలో (బ్యాటరీల్లో పోసే, లవణాలు తొలగించిన నీటిలో) ఉడికిన పప్పును ఎవరూ తినకూడదని మొదటి రోజే చెప్పి, గిన్నె మీద ఎర్ర రిబ్బను కట్టండి.

ఏడో అడుగు: కొలతల్లో నిజాయితీ నేర్పండి

నా దృష్టిలో ప్రాజెక్టు మొత్తానికి ఇది గుండెకాయ వంటిది, కాబట్టి ఇక్కడ ఎక్కువ సమయం వెచ్చించండి.

ముందు నీటిని పోల్చాలి. స్నానపు సబ్బును సన్నగా తురిమి, అయిదు గ్రాములు పావు లీటరు బ్యాటరీ నీటిలో వేసి రాత్రంతా ఉంచి, మరునాడు పలచని గుడ్డతో వడకట్టితే సబ్బు ద్రావణం సిద్ధమవుతుంది. బడి బోరు, నల్లా, ఊరి చేతిపంపు, దుకాణంలో కొన్న శుద్ధి చేసిన నీరు, పట్టి ఉంచిన వాన నీరు, బ్యాటరీ నీరు, ఇలా ఆరు నమూనాలను ఒకే రకమైన మూత సీసాల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున పోసి, డ్రాపరుతో అయిదేసి చుక్కలు సబ్బు ద్రావణం వేస్తూ, ప్రతిసారీ పదిసార్లు కుదిపి, నురగ నిమిషం పాటు నిలిచేవరకు ఎన్ని చుక్కలు పట్టాయో రాయాలి. అదే బోరు నీటిని పదిహేను నిమిషాలు మరిగించి, చల్లార్చి, వడకట్టి మళ్లీ పరీక్షిస్తే చుక్కలు ఎన్ని తగ్గాయో దాన్నిబట్టి తాత్కాలిక కాఠిన్యత ఎంతో అంచనాకు వస్తుంది. పాఠంలో చదివిన బైకార్బొనేట్లు కార్బొనేట్లుగా మారి గిన్నె అడుగున తెల్లటి పొరగా ఏర్పడటం పిల్లలు తమ కళ్లతో చూస్తారు.

తరువాత పప్పు. ఒకే సంచిలోని పప్పు, ఒకే బరువు, ఒకే కొలత నీరు, ఒకే రకమైన గిన్నె, ఒకే మూత, ఒకే మంట ఉండాలి. ఇవన్నీ పిల్లలు తేలిగ్గానే ఒప్పుకుంటారు. అసలు కష్టం 'ఉడికింది' అన్న మాట దగ్గర వస్తుంది. మా జట్లలో ఒకరికి ఉడికినట్లనిపించిన పప్పు మరొకరికి పలుకుగా అనిపించింది, దాంతో ఒకే నీటికి రెండు జట్లు చెప్పిన సమయాల మధ్య చాలా తేడా వచ్చింది. పిల్లలు వాదించుకుంటుంటే నేను జోక్యం చేసుకోకుండా వదిలేశాను. చివరకు ఒక అమ్మాయి, 'పది పప్పులు తీసి రెండు వేళ్ల మధ్య నొక్కుదాం, తొమ్మిది లోపల తెల్లటి పలుకు లేకుండా నలిగితే ఉడికినట్లు' అని ప్రతిపాదించింది. అందరూ ఒప్పుకున్నారు. ఒక మాటకు అందరూ అంగీకరించే కొలత ఏర్పరచుకోవడం శాస్త్రంలో ఎంత ముఖ్యమో నేను బోర్డు మీద చెప్పి ఉంటే వాళ్లు రాసుకుని మరచిపోయేవారు. మీ తరగతిలో కూడా ఇలాంటి తగవు రావాలని కోరుకోండి, వచ్చినప్పుడు తొందరపడి తీర్చేయకండి.

ప్రతి పరీక్షనూ మూడుసార్లు చేయించండి. నోటుపుస్తకంలో పెన్నుతోనే రాయాలి, తప్పు పడితే ఒక్క గీత గీసి పక్కన సరైనది రాయాలి, కాగితం చింపకూడదు. అంకె అనుమానంగా ఉంటే దాన్ని తీసివేయకుండా, ఎందుకు అనుమానమో పక్కన రాయించండి. 'మంట మధ్యలో తగ్గింది' అని వంకర అక్షరాలతో రాసిన ఒక వాక్యం అందమైన చార్టు కన్నా నాకు ఎక్కువ విలువైనది.

ఎనిమిదో అడుగు: మధ్యలో విమర్శకు పెట్టండి

నాలుగో వారం చివర ఫలితాలను తెలిసిన వాళ్లకు చూపించండి. జల్ జీవన్ మిషన్‌లో భాగంగా గ్రామాల్లో కొందరు మహిళలకు నీటి పరీక్షా కిట్ల వాడకంపై శిక్షణ ఇచ్చారు, మీ ఊరిలో అలాంటి వారుంటే బడికి పిలవండి. కాఠిన్యతను అంకెలో చెప్పడానికి ఆ కిట్టు పనికి వస్తుంది, చుక్కలు వేస్తుంటే ద్రావణం ద్రాక్షరసం ఎరుపు నుంచి నీలానికి మారడం పిల్లలకు ఎంతో ఆసక్తి కలిగిస్తుంది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి మొత్తం కాఠిన్యతను లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఆమోదయోగ్యంగా, వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా అనుమతించదగినదిగా పేర్కొంది. తమ అంకెను ఈ అంకెల పక్కన పెట్టి చూసుకోవడం పిల్లలకు తెలియాలి.

అయితే అందరికన్నా మంచి విమర్శకురాలు వంట అక్కే. మా పిల్లలు పావుకిలో పప్పుతో తేల్చిన విషయం విని ఆమె, 'పెద్ద గిన్నెలో అడుగున ఒక రకంగా, పైన ఒక రకంగా ఉడుకుతుంది కదా, అది చూశారా' అని అడిగారు. ఎవరూ చూడలేదు. ఐదో వారం పనంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

తొమ్మిదో అడుగు: ఫలితం మీరు అనుకున్నట్లు రాకపోతే

ఒక ఏడాది మా పిల్లలు బోరు నీటికీ నల్లా నీటికీ ఉన్న తేడా కన్నా, పాత సంచి పప్పుకూ కొత్త సంచి పప్పుకూ ఉన్న తేడా ఎక్కువని కనుక్కున్నారు. నీటి పాఠం చెబుదామని మొదలుపెట్టిన నాకు మొదట నిరాశ కలిగింది, పరీక్ష మళ్లీ చేయించాను, ఫలితం మారలేదు. అలాంటప్పుడు ప్రాజెక్టును మీ పాఠం వైపు తిప్పకండి. పిల్లలు కొలిచింది కొలిచినట్లుగానే రాయాలి. మా వాళ్లు సంచుల మీద వచ్చిన తేదీ రాసి, ముందు వచ్చినది ముందు వాడాలని సూచించారు, గదిలో సంచులను నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టించారు.

వంటసోడా విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. చిటికెడు వంటసోడా వేస్తే పప్పు త్వరగా మెత్తబడుతుందని ఏదో ఒక జట్టు తప్పకుండా కనుక్కుని, సమస్య తీరిపోయిందని సంతోషిస్తుంది. క్షార స్వభావం వల్ల పప్పులోని థయమిన్, అంటే బి1 విటమిన్, నశిస్తుందని అప్పుడు చెప్పండి. త్వరగా ఉడకడం, పోషకం నిలవడం, ఈ రెండింటిలో దేన్ని ఎంత వదులుకోవాలో పిల్లలే చర్చించి నిర్ణయించనివ్వండి. రోజూ ఆ పప్పు తినేది వాళ్లే కాబట్టి ఆ చర్చ చాలా శ్రద్ధగా జరుగుతుంది. మా పిల్లలు సోడాను పక్కన పెట్టి, ముందు నానబెట్టే పద్ధతిని ఎంచుకున్నారు.

ఒక హద్దు మాత్రం దాటనివ్వకండి. నీటి కాఠిన్యత కొలిచిన పిల్లలు 'ఈ నీరు తాగితే జబ్బు చేస్తుంది' అని ఊరిలో ప్రకటించకూడదు. ఫ్లోరైడ్, నైట్రేట్, సూక్ష్మజీవుల సంగతి సబ్బు పరీక్షలో తెలియదు. ఉమ్మడి నల్లగొండ, ప్రకాశం వంటి జిల్లాల్లో ఫ్లోరైడ్ భయం తరాలుగా ఉంది, అక్కడ పిల్లలు తేలిగ్గా అనే మాట పెద్ద కలవరం రేపగలదు. అనుమానం ఉంటే నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాలి, వచ్చిన నివేదికను పంచాయతీకి అందజేయాలి. ఎవరి ఇంటి బోరు నీరు ఎలా ఉందో ఇంటి పేరుతో రాసి గోడకు పెట్టకూడదు.

పదో అడుగు: చార్టుగా కాకుండా పనికొచ్చే రూపంలో అప్పగించండి

అప్పగింత ఏ రూపంలో ఉండాలో దాన్ని వాడే మనిషే నిర్ణయించాలి. మా వంటశాల గోడకు పిల్లలు అంటించింది అరపేజీ కాగితం మాత్రమే: పప్పు ఎన్నింటికి నానబెట్టాలి, ఏ కుళాయి నీరు పట్టాలి, గిన్నె అడుగు పొరను ఎన్ని రోజులకొకసారి చింతపండు పులుసుతో తోమాలి. చదవడం రాని వారు వంట చేస్తుంటే గడియారం బొమ్మ, కుళాయి బొమ్మ వేయించండి, నోటితో కూడా చెప్పించండి. ఏయే కొలతల ఆధారంగా ఆ మాట చెబుతున్నారో వివరించే నాలుగు పేజీల నివేదిక వేరుగా ప్రధానోపాధ్యాయులకూ, పాఠశాల యాజమాన్య కమిటీకీ వెళ్లాలి. వంటశాలకు నల్లా నీటి గొట్టం వేయించాలన్నది పిల్లల సూచన అయితే, దానికి ఎంత గొట్టం, ఎంత ఖర్చు అన్న లెక్కతో పంచాయతీ కార్యదర్శికి వినతి పత్రం రాయించండి. ఆసక్తి ఉన్న జట్టు ఉంటే, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు పాల్గొనే జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్‌కు ఇదే పనిని విస్తరించి పంపవచ్చు, అయితే పోటీ కోసమే ప్రాజెక్టు మొదలుపెట్టవద్దని నా మనవి.

మార్కులు వేసేటప్పుడు

నివేదిక అందానికి మార్కులు వేస్తే వచ్చే ఏడాది మళ్లీ జిరాక్సు దుకాణానికే వెళతారు. జట్టు నోటుపుస్తకానికి సగం మార్కులు, ప్రతి పిల్లవాడితో విడిగా జరిపే మూడు నిమిషాల సంభాషణకు మిగతా సగం కేటాయించండి. 'ఈ కొలత మూడుసార్లు ఎందుకు తీసుకున్నారు', 'బ్యాటరీ నీరు ఎందుకు పెట్టారు', 'మళ్లీ చేస్తే ఏమి మారుస్తావు' అని అడగండి. పని చేసిన పిల్లవాడు తడుముకోకుండా చెబుతాడు, రాత సరిగా రాని పిల్లలు ఇక్కడ ఎంత స్పష్టంగా మాట్లాడతారో విని మీరు ఆశ్చర్యపోతారు. పరీక్ష విఫలమైనందుకు మార్కులు తగ్గించకండి, విఫలమైన సంగతి దాచినందుకు తగ్గించండి.

అప్పగింత జరిగిన నెల తరువాత

క్యాలెండరులో ఈ తేదీని కూడా ముందే రాసి పెట్టుకోండి. అదే పిల్లలు అదే నోటుపుస్తకంతో వంటశాలకు వెళ్లి, గోడ మీది కాగితం ఇంకా ఉందా, అక్క దాన్ని పాటిస్తున్నారా, పాటించకపోతే అడ్డేమిటి అని అడగాలి. మా పిల్లలు వెళ్లినప్పుడు, ఉదయం ఎనిమిదిన్నరకు పప్పు నానబెట్టాలన్న సూచన అమలు కావడం లేదని తెలిసింది. వంటశాల తాళం తొమ్మిదిన్నరకు గానీ తెరవరు, ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. పిల్లలు నోటుపుస్తకంలో తేదీ వేసి ఆ విషయం రాసుకుని, నేరుగా ప్రధానోపాధ్యాయుల గదికి వెళ్లి, తాళం చెవి ఇంకొకటి చేయించి అక్కకు ఇవ్వగలరా అని అడిగారు.